కడలి కడుపున కెమేరా

విశాఖపట్నం: సముద్రంలో మునిగి తేలిన కుర్రవాడు పడవ అంచు పట్టుకొని పైకి రాగానే చేసే మొదటి పని కెమేరా చూసుకోవడం. చూసుకొన్న మరుక్షణం ముఖం వాడిపోతుంది. నీటి అడుగున తాను చూసింది చారల చేపల గుంపు. బొమ్మలో పడింది మాత్రం పాచి పట్టిన చెరువులాంటి పచ్చదనం, దాని మీద పిండి చల్లినట్టు తెల్లటి చుక్కలు, మధ్యలో నువ్వుగింజంత నీడ. ఆ నీడే చేప! కెమేరా మంచిది కాదు, ఇంతకంటే ఖరీదైనది కొనాలి అన్న మాట అక్కడికక్కడే పుడుతుంది.

నిజానికి చాలాసార్లు తప్పు కెమేరాది కాదు. కెమేరాకూ చేపకూ మధ్య ఉన్న రెండు బారల నీటిది. ఆ సంగతి తెలియక కెమేరా మీద కెమేరా మార్చి, వేలకు వేలు పోసినవారు ఉన్నారు. అప్పు చేసి కొన్న కెమేరా మొదటి మునకలోనే ఉప్పునీరు తాగి పనికిరాకుండా పోయినవారూ ఉన్నారు.

ఋషికొండ వద్ద, అటు విజయనగరం జిల్లా చింతపల్లి వద్ద గాలి సిలిండరు వీపున కట్టుకొని మునిగే డైవింగ్ కొన్నేళ్లుగా సాగుతోంది. ఊరు చూడవచ్చినవారు సముద్రం అడుగు చూసి వెళుతున్నారు. వచ్చినవారికి తమ ఫోటో కావాలి. కాబట్టి పడవ నడపడానికో, సిలిండర్లు మోయడానికో పనిలో చేరిన తీర గ్రామాల కుర్రవాళ్లకు కెమేరా మీదికి మనసు పోవడం సహజమే. నీటిలో ఫోటో తీయగల మనిషికి నాలుగు రాళ్లు ఎక్కువ వస్తాయన్నది కూడా నిజమే. అయితే ఏ కెమేరా కొనాలన్న ప్రశ్నకు జవాబు అంగడిలో దొరకదు. అది మన సముద్రంలోనే ఉంది.

పీపా మీద దీపం

నీటి అడుగున ఫోటో తీయాలన్న కోరిక ఈనాటిది కాదు. 1893లో ఫ్రాన్సు దక్షిణ తీరంలోని బన్యూల్స్ అనే చోట లూయీ బూతాన్ అనే జీవశాస్త్రజ్ఞుడు ఈ పనికి పూనుకొన్నాడు. ఆయన సోదరుడు ఆగస్ట్ నీరు చొరని పెట్టె తయారుచేసి ఇస్తే అందులో కెమేరా ఉంచి సముద్రంలో దింపాడు. ఒక్కొక్క ఫోటో పడడానికి అరగంట దాకా పట్టిన సందర్భాలున్నాయి. వెలుతురు చాలక, ఆక్సిజన్ నింపిన పీపా మీద సారాయి దీపం పెట్టి, దాని మంటలోకి మెగ్నీషియం పొడిని ఊదే ఏర్పాటు కూడా చేసుకొన్నారు. 1926లో అమెరికాలోని ఫ్లోరిడా తీరాన లాంగ్లీ, మార్టిన్ అనే ఇద్దరు చేపలకు రంగుల ఫోటోలు తీశారు. వారికీ వెలుతురే సమస్య. నీటిపై తేలే తెప్ప మీద మెగ్నీషియం పొడిని భగ్గున మండించి ఆ మెరుపులో ఫోటో తీయవలసివచ్చింది.

ఆ తరువాత ఫ్రాన్సుకు చెందిన కూస్తో బృందం కోసం బెల్జియం ఇంజనీరు ఒకరు పెట్టె అవసరం లేకుండా నేరుగా నీటిలో ముంచగల కెమేరాను రూపొందించారు. దానినే 1963 నుంచి జపానుకు చెందిన నికాన్ కంపెనీ నికోనోస్ పేరుతో అమ్మింది. 2001లో తయారీ నిలిచిపోయేదాకా ప్రపంచంలో నీటి అడుగున ఫోటోలు తీసేవారిలో చాలామంది చేతిలో ఉన్నది అదే. రీలుకు 36 ఫోటోలు. నీటి అడుగున రీలు మార్చడం కుదరదు. బాగా వచ్చిందో లేదో ఊరికి తిరిగివెళ్లి కడిగించేదాకా తెలియదు. ఇప్పుడు వేలకొద్దీ తీసుకోవచ్చు, అక్కడికక్కడే చూసుకోవచ్చు. కాని బూతాన్‌కు ఎదురైన కష్టం మాత్రం పోలేదు. నీరు మారలేదు గదా!

ఎరుపును మింగే నీరు

నీరు వెలుతురును మింగుతుంది. అన్ని రంగులనూ ఒకేలా మింగదు. ముందు ఎరుపును మింగుతుంది, తరువాత నారింజ, ఆ తరువాత పసుపు. అయిదు మీటర్లు, అంటే మూడు బారలకు కాస్త తక్కువ లోతుకే ఎరుపు చాలావరకు పోతుంది. ఎర్రటి రవిక గుడ్డను పది మీటర్ల అడుగుకు తీసుకుపోతే గోధుమ, నలుపు కలిసిన రంగులో కనిపిస్తుంది. ఇంకా లోతున వేలు తెగి రక్తం కారినా అది పచ్చగా అగుపిస్తుంది. తొలిసారి చూసినవారు కంగారుపడిపోతారు.

ఇక్కడ చాలామంది మరచిపోయే సంగతి ఒకటి ఉంది. నీరు మింగేది పైనుంచి కిందికి వచ్చే వెలుతురును మాత్రమే కాదు. చేప నుంచి కెమేరాకు అడ్డంగా వచ్చే వెలుతురు కూడా నీటిలోంచే రావాలి. ఎనిమిది మీటర్ల లోతున మూడు మీటర్ల దూరంలోని చేపను తీస్తే వెలుతురు మొత్తం పదకొండు మీటర్ల నీటిని దాటి వచ్చినట్టు. అందుకే చేపకు దగ్గరగా పోవాలి. చేయి చాపితే అందేంత దూరంలో ఉంటే ఫోటో వస్తుంది. రెండు మీటర్లు దాటితే నీటి ఫోటో వస్తుంది తప్ప చేప ఫోటో రాదు.

మన తీరానికి దీనిపైన మరో బెడద. బంగాళాఖాతం ఒడ్డున నీటిలో మట్టి, నలుసులు ఎక్కువ. వరదల కాలంలో నదులూ గెడ్డలూ తెచ్చిన బురద, తుపాను తరువాత అడుగు నుంచి లేచిన ఇసుక కలిసి కొన్ని రోజులు ముందున్న మనిషి కాళ్లు కూడా కనిపించవు. తేటపడిన రోజున అదే చోట రాళ్లు, వాటిని అంటిపెట్టుకొన్న గుల్లలు, వాటి చుట్టూ తిరిగే చేపలు చక్కగా కనిపిస్తాయి. అండమాన్, లక్షద్వీప్ నీళ్ల సంగతి వేరు. అక్కడ మంచి రోజున ఇరవై మీటర్ల అవతల ఉన్నది కూడా కంటికి ఆనుతుంది. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి అండమాన్‌లో స్థిరపడినవారు చాలామంది ఉన్నారు గనుక అక్కడి ఫోటోలు మన ఊళ్లకూ చేరుతుంటాయి. వాటిని చూసి, ఆ కెమేరాయే కొంటే ఇక్కడా అలాగే వస్తాయనుకోవడం పొరపాటు. మన నీటికి తగిన సామాను వేరు. పెద్ద పెద్ద దృశ్యాలు కాక, దగ్గరి వస్తువులు, చిన్న ప్రాణులు తీయడానికి వీలైన కెమేరా ఇక్కడ ఎక్కువ పనికివస్తుంది.

మూత మీద ఆరు బస్తాలు

రెండో సంగతి ఒత్తిడి. నీటిలో ప్రతి పది మీటర్లకూ, అంటే సుమారు అయిదున్నర బారలకు, చదరపు సెంటీమీటరుకు ఒక కిలో చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. ముప్పై మీటర్ల అడుగున జానెడు పొడవు కూడా లేని కెమేరా పెట్టె మూత, అంటే 15 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న మూత మీద పడే బరువు సుమారు 450 కిలోలు. 75 కిలోల ధాన్యం బస్తాలు ఆరు ఎత్తిపెట్టినట్టు. కెమేరా మీద ఇన్ని మీటర్ల వరకు అని రాసి ఉన్న అంకెను తేలికగా తీసుకోరాదన్నది ఇందుకే.

విచిత్రమేమంటే, పెట్టెలోకి నీరు చొరబడడం లోతున కంటే పైపైననే ఎక్కువ. లోతుకు పోయేకొద్దీ ఒత్తిడే మూతను గట్టిగా నొక్కిపట్టి ఉంచుతుంది. పైన రెండు మూడు మీటర్లలో ఆ బిగింపు ఉండదు. అందుకే కెమేరా చేతపట్టుకొని పడవ మీదినుంచి దూకడం మానాలి. ముందు మనిషి దిగి, తరువాత పడవలోనివారి చేతి నుంచి కెమేరా అందుకోవాలి.

లోతు గురించి మరో మాట. విశాఖకు ఎదురుగా సముద్రం అడుగున 1971 డిసెంబరులో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఉంది. దానిని ఫోటో తీయవచ్చునా అని అడిగే కుర్రవాళ్లు ఉంటారు. వినోదం కోసం చేసే డైవింగ్‌కు హద్దు 40 మీటర్లు. మొదటి తరగతి శిక్షణ పూర్తిచేసినవారికి 18 మీటర్లే. ఘాజీ ఉన్నది వీటన్నిటికీ చాలా దిగువన. కాబట్టి వంద మీటర్ల కెమేరా కోసం వెతకడం వృథా. మునిగే మనిషి హద్దు ఎంతో కెమేరా హద్దు దానికి కాస్త పైన ఉంటే చాలు.

సెల్‌ఫోన్ నుంచి పెద్ద పెట్టె దాకా

అందరి చేతిలోనూ ఉన్నది సెల్‌ఫోన్. నీటిలో పడినా పాడుకాదని చెప్పే ఫోన్లు వచ్చాయి. ఆ పరీక్షలు మంచినీటిలో జరిగినవి. ఉప్పునీటిలో వాడరాదని తయారీదారులే చెబుతుంటారు. సంతలో దొరికే ప్లాస్టిక్ సంచిలో ఫోన్ వేసి మెడకు కట్టుకొని దిగేవారు ఒడ్డున ఆడుకోవడం వరకు సరే. సిలిండరుతో మునిగేటప్పుడు ఆ సంచి ఒత్తిడికి ఫోన్‌కు అతుక్కుపోతుంది, తెర తాకినా పనిచేయదు. ఫోన్ కోసమే చేసిన గట్టి పెట్టెలు లేకపోలేదు. అవి మంచివే. కాని బ్యాంకు లెక్కలు, బంధువుల నంబర్లు అన్నీ ఉన్న ఫోన్‌ను సముద్రంలో దింపడానికి గుండె ధైర్యం కావాలి.

తరువాతది అగ్గిపెట్టెకు అన్నలా ఉండే చిన్న కెమేరా. గోప్రో పేరు తీర గ్రామాలలో కూడా తెలుసు. ఇటీవలి గోప్రోలు పైపెట్టె లేకుండా పది మీటర్ల వరకు, పైపెట్టెతో 60 మీటర్ల వరకు నీటిని ఆపుతాయి. డైవింగ్‌కు దిగేవారు పైపెట్టె తప్పక వేయాలి. పది మీటర్ల హద్దు ఉన్నదానిని పది మీటర్లకు తీసుకుపోవడం అంచున నడవడమే. ఈ కెమేరాతో వీడియో బాగా వస్తుంది, చూపు వెడల్పుగా ఉంటుంది, చేతికి బరువు కాదు. లోపం ఏమంటే దీనికి ఫ్లాష్ తగిలించే వీలు లేదు. వెలుతురు కావాలంటే వీడియో టార్చి పట్టుకొని వెళ్లవలసిందే. చిన్న ప్రాణులను దగ్గరగా తీయడానికి కూడా ఇది అంతగా పనికిరాదు. వచ్చినవారి మునకను వీడియో తీసి ఇవ్వాలనుకొనే కుర్రవాడికి మాత్రం ఇది చాలు. ఇంతకు మించి మొదట్లో అక్కరలేదు.

మన నీటికి బాగా సరిపోయేది మూడో రకం. ఒలింపస్ వారి టఫ్ రకం కెమేరాలు ఇందుకు మంచి ఉదాహరణ. 2019లో టీజీ-6, 2023లో అదే వరుసలో టీజీ-7 వచ్చాయి. పెట్టె లేకుండా 15 మీటర్లు, దానికోసం చేసిన పెట్టెలో 45 మీటర్లు. దీని గొప్ప అంతా దగ్గరి చూపులో ఉంది. ఒక సెంటీమీటరు దూరంలోని వస్తువును కూడా స్పష్టంగా పట్టుకొంటుంది. రాతి సందున దాగిన రొయ్యపిల్ల, గుల్ల మీద పాకే గింజంత నత్త, చేప కంటి చుట్టూ ఉన్న ముడతలు ఇందులో వస్తాయి. నీరు బురదగా ఉన్న రోజున కూడా కెమేరాకూ ప్రాణికీ మధ్య నాలుగు వేళ్ల నీరే ఉంటుంది గనుక బొమ్మ తేటగా పడుతుంది. పెట్టెకు సన్నని తీగ ద్వారా బయటి ఫ్లాష్ కూడా తగిలించుకోవచ్చు.

ఇక పెద్ద కెమేరాలు. లెన్సు మార్చుకొనే రకం. బొమ్మ నాణ్యతలో వీటికి సాటి లేదు. కాని వీటిని ముంచడానికి అల్యూమినియంతోనో గట్టి ప్లాస్టిక్‌తోనో చేసిన పెట్టె కావాలి. ఆ పెట్టె ఖరీదు చాలాసార్లు కెమేరాను మించిపోతుంది. ఎడ్ల కంటే బండి ఖరీదైనట్టు! పైగా ఒక కెమేరాకు చేసిన పెట్టె మరో కెమేరాకు పట్టదు. రెండేళ్ల తరువాత కెమేరా మారిస్తే పెట్టె కూడా మార్చవలసిందే. లెన్సుకో గాజు ముఖం, ఫ్లాష్‌లు, వాటిని పట్టి ఉంచే చేతులు కలుపుకొంటే లెక్క లక్షల్లోకి పోతుంది. పెళ్లిళ్లకు ఫోటోలు తీసే స్టూడియోవారు తమ కెమేరాకు ఒక పెట్టె కొంటే సరిపోతుందనుకొని దిగి, మధ్యలో ఆగిపోతుంటారు.

ఆ గాజు ముఖం గురించి కూడా తెలుసుకోవాలి. చెరువు గట్టున నిలబడి బరిసెతో చేపను పొడిచేవాడు చేప కనిపించిన చోట కాక దానికి కాస్త కిందికి గురిపెడతాడు. నీటి నుంచి గాలిలోకి వచ్చేటప్పుడు వెలుతురు వంగుతుందని అతనికి ఎవరూ పాఠం చెప్పలేదు, చేయి నేర్చుకొంది. కెమేరా పెట్టెలోనూ ఇదే జరుగుతుంది. బల్లపరుపు గాజు ఉంటే నాలుగు మీటర్ల దూరంలోని వస్తువు మూడు మీటర్లలో ఉన్నట్టు కనిపిస్తుంది. కెమేరా చూపు వెడల్పు సుమారు నాలుగో వంతు తగ్గిపోతుంది. చిన్న ప్రాణులను తీసేవారికి ఇది మేలే, వస్తువు పెద్దదిగా పడుతుంది. మనుషులను, రాళ్లను, పడవలను తీయాలంటే మాత్రం బోర్లించిన గిన్నెలాంటి గుండ్రటి గాజు, దాని వెనుక వెడల్పు చూపు లెన్సు కావాలి. అప్పుడు మీటరు దూరంలోనే ఉండి మనిషి మొత్తాన్ని పట్టవచ్చు. చిన్న కెమేరాల పెట్టెలకు నీటిలోనే బయటినుంచి తగిలించి తీసేసే వెడల్పు లెన్సులు దొరుకుతాయి. ఒకే మునకలో రెండు పనులూ చేసుకోవచ్చు గనుక అవి గిట్టుబాటు.

పొగమంచులో లారీ లైటు

డబ్బు మిగిలితే కెమేరా మీద కాక దీపం మీద పెట్టాలని ఈ పనిలో ఆరితేరినవారు చెబుతారు. నీరు మింగిన ఎరుపును తిరిగి తెచ్చేది దీపం ఒక్కటే. మీటరు లోపల ఉన్న రాతి మీద ఫ్లాష్ వెలిగితే అంతదాకా బూడిద రంగులో ఉన్న రాయి ఎరుపు, పసుపు, నారింజ రంగులతో లేచి కూర్చుంటుంది. తీసినవారే నమ్మలేరు.

అయితే దీపాన్ని లెన్సు పక్కనే పెడితే మొదట చెప్పిన పిండి చుక్కలు వచ్చిపడతాయి. చలికాలం తెల్లవారుజామున పొగమంచులో లారీ పెద్ద లైటు వేస్తే దారి కనిపించకపోగా ఎదుట తెల్లటి గోడ లేచినట్టు ఉంటుంది గదా, ఇదీ అంతే. నీటిలోని ప్రతి నలుసూ వెలిగి లెన్సులోకి వస్తుంది. కెమేరాకు పుట్టుకతో ఉన్న ఫ్లాష్ మన సముద్రంలో మేలు కంటే చెరుపే ఎక్కువ చేస్తుంది. బయటి ఫ్లాష్‌ను మూరెడు చేయి మీద పక్కకు జరిపి, దాని వెలుగు అంచు మాత్రమే ప్రాణిని తాకేలా పెడితే చుక్కలు చాలావరకు తగ్గుతాయి.

గోప్రోకు అమ్మే ఎర్ర గాజు ముక్క చవకైన మార్గం. అది లేని ఎరుపును పుట్టించదు. మిగతా రంగులను కాస్త తగ్గించి సమానం చేస్తుంది, అంతే. తేట నీటిలో, ఎండ బాగా ఉన్నపుడు, కొద్ది లోతులో మాత్రం పనిచేస్తుంది. టార్చి వేసినపుడు దానిని తీసేయాలి. ఏమీ ఖర్చు లేని మార్గం ఇంకొకటి ఉంది. తెల్లటి ప్లాస్టిక్ పలకను అడుగుకు తీసుకుపోయి, ఆ లోతున ఇది తెలుపు అని కెమేరాకు చూపించాలి. చాలా కెమేరాలలో ఆ ఏర్పాటు ఉంటుంది. లోతు మారినప్పుడల్లా మళ్లీ చూపించాలి.

వెంట్రుక చేసే నష్టం

పెట్టె ఎంత ఖరీదైనా అందులోకి నీరు రాకుండా ఆపేది అరచేతిలో పట్టే రబ్బరు వలయం. దానిమీద ఒక తల వెంట్రుక పడినా, ఇసుక రేణువు చిక్కినా ఆ సందునుంచి సముద్రం లోపలికి వస్తుంది. ప్రతి మునకకు ముందు వలయాన్ని వెలుతురులో తిప్పి చూసి, వేలికొసతో తడిమి, దానికోసం ఇచ్చిన సిలికాన్ గ్రీజు పలచగా రాయాలి. గ్రీజు ఎక్కువైతే దుమ్మును పట్టుకొంటుంది. చేతికి అందింది గదా అని కొబ్బరినూనె, వాజిలైన్ రాయకూడదు. కొన్ని రబ్బర్లు వాటివల్ల ఉబ్బి చెడిపోతాయి.

కెమేరాను పెట్టెలో అమర్చే పని ఒడ్డున ఇసుకలో, ఎగిరే గాలిలో చేయరాదు. ముందు రాత్రి ఇంట్లో, శుభ్రమైన గుడ్డ పరచి, తడి లేని చేతులతో చేయాలి. తీరం గాలిలో చెమ్మ ఎక్కువ. ఆ గాలి పెట్టెలో చిక్కితే చల్లటి నీటిలో దిగాక గాజు లోపలివైపు మంచు పడుతుంది. మందు సీసాల్లో వేసే చెమ్మ పీల్చే పొట్లం ఒకటి లోపల పెడితే ఆ బాధ తగ్గుతుంది.

పైకి వచ్చాక పెట్టెను వెంటనే మంచినీటి బకెట్టులో వేయాలి. ఉప్పు ఆరిపోయి గట్టిపడితే మీటలు బిగుసుకుపోతాయి. నీటిలో ఉంచి మీటలన్నీ నొక్కి వదలాలి. మరమోటారును మంచినీటితో కడిగే మత్స్యకారులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ఇన్ని చేసినా ఎప్పుడో ఒకప్పుడు పెట్టెలో నీరు కనిపిస్తే కెమేరా పనిచేస్తోందా అని మీట నొక్కి చూడరాదు. వెంటనే పైకి తేలాలన్న తొందర అసలే పనికిరాదు. మామూలుగా ఎలా పైకి వస్తారో అలాగే వచ్చి, బ్యాటరీ తీసేయాలి. పోయేది కెమేరా ఒక్కటే కావాలి.

ఊపిరి బిగబడితే

అన్నిటికంటే పెద్ద సంగతి ఇది. కెమేరా కదలకుండా ఉండడానికి ఫోటో తీసేవాడు తెలియకుండానే ఊపిరి బిగబడతాడు. ఒడ్డున అది మంచి అలవాటు. తీర గ్రామాలలో చిన్నప్పటినుంచి ఊపిరి బిగబట్టి మునిగి రాళ్ల మీది గుల్లలు ఏరే కుర్రవాళ్లకు అది మరీ సహజం. నీళ్లంటే భయం లేని ఆ కుర్రవాళ్లకే ఇక్కడ ఎక్కువ అపాయం.

ఒడ్డున పీల్చిన గాలితో మునిగేవాడికి, సిలిండరు గాలి పీల్చేవాడికి తేడా ఉంది. మొదటివాడి గాలి లోతున కుంచించుకుపోయి, పైకి వచ్చేసరికి మళ్లీ మొదటి పరిమాణానికి వస్తుంది. రెండోవాడు పది మీటర్ల అడుగున పీల్చేది రెండింతల ఒత్తిడి ఉన్న గాలి. దానిని బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తులలోనే రెండింతలకు ఉబ్బుతుంది. ఒకటి రెండు మీటర్లు తేలినా ఊపిరితిత్తి చిరిగే ప్రమాదం ఉంది. చిరిగితే గాలి రక్తంలో కలిసి మెదడుకు పోతుంది, ప్రాణం పోవచ్చు. ఊపిరి బిగబడితే శరీరం దానంతటదే కాస్త పైకి తేలుతుందన్నది కూడా ఇక్కడ గమనించాలి. కన్ను తెర మీద, మనసు చేప మీద ఉన్నవాడికి తాను తేలుతున్న సంగతి తెలియదు.

గాలి ముల్లు చూసుకోవడం మరచిపోవడం ఇంకో ప్రమాదం. సిలిండరులో మామూలుగా 200 బార్ల ఒత్తిడితో గాలి నింపుతారు. (ఇది ఒత్తిడి కొలత, మన లోతు కొలిచే బార కాదు.) 50 మిగిలేసరికి పడవకు చేరుకోవాలి. మంచి చేప దొరికినపుడే ముల్లు వేగంగా పడిపోతుందని డైవింగ్ నేర్పేవారు నవ్వుతూ అంటుంటారు గాని, అందులో నవ్వులాట ఏమీ లేదు.

అందువల్ల నీటిలో పైకి తేలకుండా, కిందికి జారకుండా, చేతులు ఆడించకుండా, ఊపిరి మామూలుగా తీస్తూ ఒకేచోట నిలవడం వచ్చేదాకా కెమేరా ముట్టకపోవడం మంచిది. అది రానివాడు అడుగున పడి కాళ్లతో బురద లేపుతాడు. వెనుక వచ్చేవారికి కూడా ఏమీ కనిపించదు. ఆసరా కోసం రాళ్లు పట్టుకొంటాడు. అక్కడి పగడపు జీవులు ఒక్క దెబ్బకు విరిగిపోతాయి. పగడాలు, సముద్రపు గుర్రాలు, సముద్రపు దోసకాయలు 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఉన్నాయి. ఫోటో కోసం వాటిని కదిపి, తీసి పక్కన పెట్టినా నేరమే అవుతుంది.

కొనే వరుస

ఇవన్నీ చూసినపుడు కొనే వరుస తలకిందులుగా ఉంటుంది. మొదటి ఖర్చు శిక్షణ మీద. రెండోది ముఖానికి సరిగ్గా అమరే అద్దం మీద. నీరు కారే అద్దంతో కెమేరా తెర ఎలా చూస్తారు? మూడోది చిన్న కెమేరా, దాని పెట్టె. నాలుగోది ఒక దీపం. పెద్ద కెమేరా సంగతి ఏడాదో రెండేళ్లో తీసిన ఫోటోలు చూసుకొన్న తరువాతి మాట. అప్పటికి తనకు ఏమి కావాలో తీసేవాడికే తెలిసివస్తుంది, అంగడివాడిని అడగనక్కరలేదు.

పాత సామాను కొనడంలో తప్పు లేదు. తక్కువకే వస్తుంది. కెమేరా పాతదైనా నష్టం లేదు గాని, పెట్టె గాజు మీద గీతలు, మూత బిగించే కొక్కెం వదులు, మీటల చుట్టూ పచ్చటి తుప్పు చూసుకోవాలి. రబ్బరు వలయం మాత్రం పాతది వాడరాదు, కొత్తది వేయాలి. ఆ పెట్టెకు సరిపోయే వలయాలు ఇంకా దొరుకుతున్నాయో లేదో బేరానికి ముందే కనుక్కోవాలి. దొరకకపోతే పెట్టె ఊరికే ఇచ్చినా దండగే. కెమేరాకు చేతికి కట్టుకొనే తాడు కాక, చొక్కాకు తగిలించే కొక్కెం ఉండాలి. అవసరమైతే రెండు చేతులూ ఖాళీ కావాలి.

కొత్తదైనా పాతదైనా పెట్టె కొన్నాక చేయవలసిన పరీక్ష ఒకటుంది. కెమేరా పెట్టకుండా, ఖాళీ పెట్టెలో పలచటి కాగితం మడిచి ఉంచి మూత బిగించాలి. సీసం గుళ్లు కట్టి, వల తాడుతో పడవ మీదినుంచి పదిహేను మీటర్లు దింపి అరగంట వదిలేయాలి. పైకి లాగి, మంచినీటితో కడిగి, గుడ్డతో బాగా తుడిచి, తలకిందులుగా కాక నిటారుగా పట్టుకొని మూత తెరవాలి. కాగితం తీసి నాలుగు మూలలూ వేళ్లతో నలిపి చూడాలి. పొడిగా ఉంటే మరుసటి రోజు కెమేరా అందులోకి వెళుతుంది.